ఇసుకే కళ్లం

విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చినవాళ్లు సూర్యోదయం చూసి మురిసేసరికి పెదజాలారిపేటలో సగం పని తెమిలిపోతుంది. చీకటితో వేటకు పోయిన పడవలు అల వెంట దూసుకొచ్చి ఇసుకలో ముక్కు గుచ్చుకుంటాయి. పదిమంది భుజం పడితేగానీ పైకి రావు. వల దులిపితే కవ్వళ్లు, కానాగంతలు, గంగమ్మ తల్లి చల్లగా చూస్తే ఒకటో రెండో కోనాలు. కాకులు, కుక్కలు, బేరగాళ్లు ఒకేసారి దిగుతారు. వేలంపాట అక్కడే, నిలబడ్డ చోటే. వచ్చిన సొమ్ములో పడవకో వాటా, వలకో వాటా పోగా మిగిలింది మనుషులకి.

ఒకప్పుడు ఇక్కడ కనిపించేది తెప్ప. తేలికైన దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించేవారు. మేకన్నది ఉండదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి, నీరు పీల్చిన దుంగల్ని ఎండకు ఆరేసేవారు. ఇప్పటి పడవలు ఫైబర్‌వి, వెనక ఇంజను. డాల్ఫిన్ నోస్, కైలాసగిరి లాంటి కొండల్ని ఒకదానికొకటి సరిచూసుకుని చేపలుండే చోటు గుర్తుపట్టిన పెద్దల విద్య పక్కన ఇవాళ జీపీఎస్ చేరింది.

రైతుకు కళ్లం ఎలాగో జాలరికి ఈ ఇసుక అలాగ. పడవ నిలిపేది, వల అల్లేది, నెత్తళ్లు ఎండేసేది దీని మీదే. ఆ ఇసుకే ఊరికి తరిగిపోతోంది. ఈ తీరంలో అలల తోపుకు ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో మొదలైన ఓడరేవు, 1970ల్లో ఔటర్ హార్బర్‌కి కట్టిన రాతిగట్లు ఆ నడకకు అడ్డుపడ్డాయి. అందుకే డ్రెడ్జర్లు తవ్వితీసిన ఇసుకను గొట్టాలతో బీచ్ మీదికి పోస్తుంటారు. సందర్శకుడికి అది విహారస్థలం కాపాడే పని. పేటవాళ్లకి బతికే జాగా.

నీళ్ల మీదా ఇరుకే. తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర చిన్న పడవలదని చట్టం చెబుతుంది. పెద్ద మర పడవలు దాన్ని ఎప్పుడూ పట్టించుకున్నాయని ఎవరూ అనరు. చేపల గుంపును చుట్టేసే రింగు వలల మీద గొడవ మరీ చేదు. 2022 జనవరిలో అది పడవలు తగలబెట్టుకునే దాకా పోయింది. ఎదురెదురు నిలబడ్డది పక్కపక్క పేటలవాళ్లే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. ఆ రోజుల్లో ఇల్లు ఈదేది ఎక్కువగా ఆడవాళ్లే. మిగతా ఏడాదీ అంతేననాలి. గంప నెత్తికెత్తి వీధులు తిరిగే అమ్మ మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది. "నిన్నటియనుకున్నావేటి బాబూ?" అని గదమాయిస్తుంది. ఆ గొంతు ముందు ఫ్లాట్ల మేడం బేరం నిలవదు.

సాయంత్రం బీచ్ నిండుతుంది. మురీ మిక్చర్ పొట్లంతో ఒక కుర్రాడు పడవకి ఆనుకుని ఫోన్ పైకెత్తాడు. పక్కనే చిరుగులు కుడుతున్న ముసలాయన తలెత్తకుండానే అన్నాడు: "కాలు తియ్యి బాబూ, వల."