నాన్న జీపు క్రౌను, నా డిప్లొమా

మన గ్రూపులో నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలు, భూమి సంగతులు ఎక్కువ రాస్తాం కదా, నేను ఈరోజు జీపు గురించి రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లో పాత జీపు ఉన్న తమ్ముళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

2019 వేసవి. అప్పటికింకా చోడవరం విశాఖ జిల్లాలోనే ఉంది, మన పాడేరూ అంతే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడాది అయిపోయి ఇంటికొచ్చాను. నాన్నకి పాత మహీంద్రా కమాండర్ ఉండేది. మా ఊరి నుంచి పాడేరు సంతకి మనుషుల్ని తీసుకెళ్ళేవాడు. సీజన్లో పసుపు, కాఫీ బస్తాలు. అప్పుడప్పుడు ఘాట్ దిగి చోడవరం కిరాయి. నా ఫీజు, చెల్లి చదువు, ఇంట్లో బియ్యం, అన్నీ ఆ బండి మీదే.

ఆ నెలలో వెనకనుంచి గుయ్‌మని ఒక మోత మొదలైంది. నాన్న నన్ను పక్కన కూచోబెట్టుకుని తిప్పాడు. "నువ్వు సదువుకున్నోడివి, ఏటో సెప్పు" అన్నాడు. నేను రెండు నిమిషాలు విని "వీల్ బేరింగ్ నాన్నా" అనేశాను. నా మాట మీద నమ్మకంతో 1,800 పెట్టి రెండు వైపులా బేరింగులు మార్పించాడు. మోత పోలేదు. పైగా రివర్స్ వేస్తే వెనక టక్‌మని కొట్టడం మొదలైంది.

ఇక్కడ ఒక మాట. డిఫరెన్షియల్ బొమ్మ నేను పరీక్షలో వేశాను. 1827లో పెక్యూర్ అనే ఫ్రాన్స్ గడియారాల మనిషి దాన్ని పేటెంట్ చేసుకున్నాడని కూడా రాశాను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి, రెండిటికీ ఇంజన్ బలం అందాలి, అందుకే అది. జీపు చక్రాల మధ్య దాదాపు 4 అడుగులు అనుకుంటే, ఘాట్‌లో బండి పూర్తిగా వెనక్కి తిరిగే ఒక్కో మలుపులో బయటి చక్రం పన్నెండున్నర అడుగులు ఎక్కువ నడుస్తుంది. ఇంత తెలుసు. అది అరిగితే ఎలా అరుస్తుందో మాత్రం తెలీదు.

జూన్ మొదట్లో పదకొండు మందితో ఘాట్ దిగాం. వంట్లమామిడి దాటాం, మాడుగుల దాటాం. వడ్డాది దగ్గరికొచ్చేసరికి వెనక గడగడమని శబ్దం. నాన్న బండి ఆపేశాడు. జనాన్ని బస్సెక్కించి, ట్రాక్టరుకి కట్టి చోడవరంలో ఒక షెడ్డుకి లాక్కెళ్ళాం.

మేస్త్రీ పెద్దాయన. హౌసింగ్ బోల్టు విప్పి వేలు పెట్టాడు. ఆయిల్ అందలేదు. ఇంకా లోపలికి పెడితే వేలికి నల్లటి జిగురు, అందులో వెండి పొడిలా మెరుపు. "ఇది ఆయిల్ కాదు నానా, మీ క్రౌను" అన్నాడు. పైన గాలి పోయే చిన్న బ్రీదర్ మట్టితో మూసుకుపోయింది. లోపల వేడికి గాలి బిగిసి, టెయిల్ పీనియన్ సీలు దగ్గరనుంచి ఆయిల్ తోసేసింది. ఎన్నాళ్ళుగా కారుతుందో ఎవరికీ తెలీదు.

నేను మెల్లిగా బేరింగు సంగతి చెప్పాను. తిట్టలేదాయన. "మలుపు తిప్పితే మోత మారితే బేరింగు. ఏక్సిలేటర్ తొక్కి వదిల్తే మారితే క్రౌను. అది సూడాలి" అన్నాడు. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. తరవాత నాన్న వైపు చూసి, "ఘాట్‌లో పళ్ళు ఊడుంటే ఇంజన్ పట్టు ఉండదు, బ్రేకు ఒక్కటే దిక్కు. లేకపోతే చక్రాలు బిగుసుకుపోద్ది" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ పదకొండు మందీ ఒక్కొక్కరూ కళ్ళముందు కనిపించారు. అందులో మా పిన్ని, ఆమె చంటిపిల్ల.

ఇప్పుడేం చెయ్యాలి? పాత బండి నుంచి తీసిన పూర్తి హౌసింగ్ ఒకటి చవగ్గా దొరుకుతుందన్నారు. మైదానంలో స్పీడు ఎక్కువ, డీజిల్ తక్కువ. నాన్నకి ఆశ పుట్టింది. నేను పళ్ళు లెక్కపెట్టాను. మాది క్రౌనుకి 39, పీనియన్‌కి 8, అంటే 4.88. అది 41కి 11, అంటే 3.73. సిగరెట్ పెట్టె అట్ట వెనక లెక్కవేస్తే, అదే గేర్లో చక్రం దగ్గర లాగే బలం దాదాపు నాలుగోవంతు తగ్గుతుంది. "నాన్నా, చోడవరంలో బాగా పోద్ది. నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఏడుస్తుంది. దిగేటప్పుడు ఇంజన్ ఆపే బలమూ తగ్గుద్ది" అన్నాను. మేస్త్రీ తలూపాడు. ఆ రోజు నా చదువు పనికొచ్చింది ఆ ఒక్క లెక్కకే.

కొత్త సెట్టే వేశాం. క్రౌను, పీనియన్ జతగానే మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే రెండూ పోతాయి. బేరింగులు, సీలు, 90 ఆయిల్, కూలీ అన్నీ కలిపి 14 వేలు దాటింది. అమ్మ గొలుసు తాకట్టుకెళ్ళింది. రెండు రోజులు నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. పళ్ళకి రంగు పూసి తిప్పడం, అచ్చు పన్ను మధ్యలో పడిందా లేదా చూడటం, షిమ్ము తియ్యడం, మళ్ళీ వెయ్యడం. ఆరుసార్లు చేశాడు. ఏడోసారి నన్ను చెయ్యమన్నాడు.

మొదటి 500 కిలోమీటర్లు లోడు వేయలేదు, తరవాత ఆయిల్ మార్చాం. ఆ పదిహేను రోజులూ సంపాదన లేదు. అమ్మ గొలుసు రావడానికి సంక్రాంతి దాటింది.

తమ్ముళ్ళూ, వానలు మొదలవ్వకముందే మీ నాన్న బండి కిందకి ఒకసారి దూరండి. బ్రీదర్ మట్టి తియ్యండి, బోల్టు విప్పి వేలు పెట్టండి. పైసా ఖర్చు లేదు. తెలీకపోతే తెలీదని చెప్పండి. నేను ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను.

ఇప్పటికీ నేను సెలవుకి ఇంటికెళ్తే నాన్న టీ ఇవ్వకముందే స్పానర్ ఇస్తాడు.