చీకట్లో బటన్లు

పాటల పెట్టె కొత్త మోడల్ మీద మా మావయ్య ఇంట్లో మూడు అభిప్రాయాలున్నాయి. అత్తయ్యకి తెగ నచ్చింది. మా బావమరిదికి నచ్చింది, ఎందుకంటే కొన్నది వాడు. మావయ్యకి అస్సలు నచ్చలేదు. ఏలూరులో ఇల్లు, తాడేపల్లిగూడెంలో బావమరిది ఉద్యోగం, కొల్లేరు పక్కన మావయ్య చేపల చెరువు. ఈ మూడు చోట్లా ఆర్నెల్లుగా ఈ తగువు వింటున్నాను. వినగా వినగా నాకు తోచింది ఇది: వీళ్ళు తగువాడుకునేది పాటల గురించి కాదు. ఎవరి చెయ్యి గురించి వాళ్ళు మాట్లాడుతున్నారు.

ఆ పెట్టెని మీరూ చూసే ఉంటారు. ఇటుక కన్నా కొంచెం పెద్దది. ముందు జాలీ, పైన పట్టుకోడానికి హ్యాండిల్, పక్కన పెన్‌డ్రైవ్‌కీ మెమరీ కార్డుకీ చోటు, ఎఫ్ఎమ్, ఓ టార్చి లైటు. పళ్ళ బండి మీద, టైలరు మిషను పక్కన, సెలూన్లో అద్దం ముందు ఉంటుంది. బజార్లో ఎవడో ఒకడు కార్డు నిండా పాటలు ఎక్కించి ఇస్తాడు. పాత మోడల్లో పైన ఐదు రబ్బరు బటన్లు వరసగా ఉండేవి, చివర సౌండు తిప్పే చక్రం. కొత్త మోడల్లో అవేవీ లేవు. నల్లటి అద్దంలాంటి పలక ఒకటి ఉంది. వేలు తగిలితే నీలం దీపాలు వెలుగుతాయి. చూడ్డానికి బావుంది, అందులో అనుమానం లేదు.

మావయ్యకి ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే ఆయన రాత్రి గురించి చెప్పాలి.

భీమడోలు నుంచి కొల్లేరు వైపు దిగితే కనుచూపు మేరా చెరువులే. 1999లో సరస్సుని అయిదో కాంటూరు దాకా అభయారణ్యం చేశారు. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు పొక్లెయినర్లు పెట్టి కొట్టేశారు. మావయ్య వాళ్ళది గీత బయట చెరువు. ముగ్గురు కలిసి లీజుకి తీసుకున్నారు. బొచ్చె, శీలావతి, కాస్త గడ్డిచేప. రాత్రి కాపలా వంతులవారీగా చేస్తారు. గట్టు మీద తాటాకు పాక, ఓ మంచం, ఓ కుక్క, ఈ పెట్టె.

అక్కడ పాట కాలక్షేపానికి మాత్రమే కాదు. గట్టు మీద మనిషి మేలుకుని ఉన్నాడని చుట్టుపక్కలకి తెలియాలి. నీళ్ళ మీద పాట చాలా దూరం పోతుంది. దొంగవల వేద్దామని వచ్చినవాడు ఘంటసాల గొంతు వినపడితే ఇంకో చెరువు చూసుకుంటాడని మావయ్య లెక్క. అందుకే ఇయర్‌ఫోన్స్ అక్కడ పనికిరావు. పాట బయటికే మోగాలి, చెవులు ఖాళీగా ఉండాలి.

చెవులకి వేరే పనుంది. పగలు నీళ్ళలోని నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకని తెల్లారబోయే ముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ముసురు పట్టి ఎండ లేకపోతే మరీనూ. అప్పుడు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. వేల నోళ్ళు ఒక్కసారి నీళ్ళ మీద గాలి మింగితే సన్నగా చప్పుడవుతుంది, పొయ్యి మీద ఎసరు కాగుతున్నట్టు. అది వినపడగానే నీళ్ళలో గాలి కలిపే మిషన్లు ఆన్ చెయ్యాలి. ఆలస్యమైతే పొద్దున్నకి చెరువంతా తెల్లటి పొట్టలే. మూడు కుటుంబాల ఏడాది సంపాదన.

కాబట్టి మావయ్యకి కావాల్సింది పాట పెట్టడం కన్నా పాట ఆపడం. వెంటనే, చూడకుండా, తడి చేత్తో. షుగర్ వల్ల ఆయనకి చూపు తగ్గింది. పగలు పర్లేదు, చీకటి పడితే అంతా మసకే. పాత పెట్టె మీద బొటనవేలు ఎడమ నుంచి తడుముకుంటూ పోయి మూడో బటన్ దగ్గర ఆగేది. నొక్కితే నిశ్శబ్దం. మళ్ళీ నొక్కితే ఆపిన చోటి నుంచే పాట. రాత్రికి ఏ పాతిక సార్లో చేసేవాడు. ఆ బటన్ మీది గుర్తు ఎప్పుడో అరిగిపోయింది, ఆయనకి దానితో పనీ లేదు.

కొత్త పలక మీద అది కుదరదు. ఎందుకు కుదరదో మావయ్యే ఒక్క ముక్కలో చెప్పాడు. "ఏరా, బటన్ అయితే వెతికి నొక్కుతాం. ఇదైతే వెతికితేనే నొక్కుకుపోద్ది."

ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరనుకుంటాను. బటన్ మీద వేలు రెండు పనులు చేస్తుంది. ముందు తాకి, ఇదేనా అని చూసుకుంటుంది. తర్వాత బలం పెడుతుంది. ఆ రెండిటి మధ్య కాస్త వ్యవధి ఉంది. కళ్ళు కనపడనివాళ్ళూ, చీకట్లో పనిచేసేవాళ్ళూ బతికేది ఆ వ్యవధిలోనే. టచ్ పలకకి బలంతో పనిలేదు. వేలు దగ్గరికి రాగానే దాని కిందున్న చిన్న విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఆ మార్పునే నొక్కడం అనుకుంటుంది. నీటి పొర పడినా ఆ క్షేత్రం మారుతుంది. తవుడు బస్తాలు ముంచి వచ్చిన తడి చెయ్యి పెడితే దానికి అయోమయం.

పోయిన వానాకాలం మూడ్రోజులు వదలకుండా ముసురు పట్టింది. పాత పెట్టె అప్పటికే మూలపడింది. తెల్లవారుజామున మావయ్యకి ఎసరు చప్పుడు వినపడ్డట్టనిపించి పాట ఆపబోయాడు. సౌండు పెరిగింది. పాట మారింది. తర్వాత ఎఫ్ఎమ్ గరగర. లోపల్నుంచి ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో ఏదో మోడ్ అంది. ఆఖరికి పెట్టెని గోనెసంచిలో చుట్టి మంచం కింద తోసి, గట్టు అంచుకి పరిగెత్తి విన్నాడు. మిషన్లు ఆన్ చేశాడు. చేపలు దక్కాయి. కానీ లీజులో మిగతా ఇద్దరూ ఈ సంగతి విని, పెట్టె గురించి అడగలేదు. "కళ్ళు కనపడకుండా రాత్రి కాపలా ఎందుకు బావగారూ, మానెయ్యరాదా" అన్నారు. మావయ్యని కోసింది ఆ మాట. పాత పెట్టెతో నాలుగేళ్ళు అవే కళ్ళతో కాపలా కాశాడు. అప్పుడు ఎవరూ ఆయన చూపు సంగతి ఎత్తలేదు.

ఇక్కడిదాకా చదివి, బటన్లే మంచివి, టచ్ చెడ్డది అనుకుంటే అత్తయ్య ఒప్పుకోదు. ఆవిడకి చికెన్‌గున్యా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ వేళ్ళ కణుపులు నొప్పులు. పాత పెట్టె రబ్బరు బటన్ గట్టిది, రెండు చేతుల్తో పట్టుకుని నొక్కాల్సొచ్చేది. ఆదివారం మావయ్య ఏలూరు వచ్చినప్పుడు పెట్టె వంటింట్లోకి వస్తుంది. ఇప్పుడు వేలు ఆనిస్తే చాలు, ఫోన్లోంచి బ్లూటూత్ మీద ప్రవచనం మోగుతుంది. "నాకిది వచ్చాకే పాటలు నాకు నేను పెట్టుకోడం మొదలెట్టాను, అంతకుముందు ఎవర్నో ఒకర్ని పిలిచేదాన్ని" అంది. ఇది చిన్న మాట కాదు. మావయ్య పోగొట్టుకున్నదే ఆవిడకి దొరికింది.

బావమరిది వాదనలోనూ న్యాయం ఉంది. వాడు గూడెం ఉల్లిపాయల మార్కెట్లో కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాడు. "బటన్ అంటే కన్నం బావా. కన్నంలోంచే దుమ్మూ, చెమ్మా పోతాయి. దీనికి కన్నం లేదు" అంటాడు. నిజమే. పాత పెట్టె పోయింది కూడా బటన్ కిందే. తవుడు పొడి, కొల్లేరు చెమ్మ కలిసి లోపలి స్విచ్చిని తినేశాయి. కదిలే భాగం లేకపోతే అరిగే భాగం ఉండదు. వాడు దుకాణంలో ట్యూబ్‌లైటు కింద పలక మీద వేలు పెట్టి చూశాడు, బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇలాంటి తగువు లోకంలో ఇంతకుముందూ జరిగింది. 2009 మార్చిలో యాపిల్ కంపెనీ ఐపాడ్ షఫుల్ మూడో తరం తెచ్చింది. బరువు 11 గ్రాములు కూడా లేదు. వెయ్యి పాటలు పడతాయన్నారు. ఒంటి మీద పాట మార్చే బటన్ ఒక్కటీ లేదు, అన్నీ ఇయర్‌ఫోన్ తీగ మీదికి ఎక్కించారు. ఒకసారి నొక్కితే పాట ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, మూడుసార్లు నొక్కితే ముందుది. ఎంత ముచ్చటగా ఉందో అన్నవాళ్ళున్నారు. మా సొంత ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పాట ఎలా మార్చాలని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. 2010 సెప్టెంబర్లో నాలుగో తరం వచ్చేసరికి బటన్లు మళ్ళీ వెనక్కొచ్చాయి. జనం బటన్లు లేక ఇబ్బంది పడ్డారని స్టీవ్ జాబ్స్ వేదిక మీదే అన్నాడు.

అయితే ఆ మూడో తరంలో ఒక మంచి సంగతి కూడా ఉంది. తెర లేదు కాబట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే పాట పేరు, పాడినవాళ్ళ పేరు చదివి చెప్పేది. చూపు లేనివాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? 14 భాషల్లో చెప్పేది. గ్రీకు, పోలిష్, స్వీడిష్ ఉన్నాయి. మన దేశపు భాష ఒక్కటీ లేదు. మావయ్య పెట్టెలోని అమ్మాయికీ ఇంగ్లీషే వచ్చు. ఆవిడ ఏదో అంటుంది, ఈయన "ఆయ్" అంటాడు, అక్కడితో సరి.

ఇంకా వెనక్కి పోతే 1979 జులైలో వచ్చిన మొట్టమొదటి సోనీ వాక్‌మన్ మీద నారింజ రంగు బటన్ ఒకటి ఉండేది. అది నొక్కి పట్టుకుంటే పాట తగ్గి, చిన్న మైకు ద్వారా పక్కవాళ్ళ మాట వినపడేది. హెడ్‌ఫోన్లు పెట్టుకోడానికి రెండు చోట్లు కూడా ఇచ్చారు. ఒక్కడే చెవులు మూసుకుని కూచోడం మర్యాద కాదని కంపెనీ పెద్ద అకియో మొరీటాకి అనిపించిందట. జనానికి ఒంటరిగా వినడమే నచ్చింది. తర్వాతి మోడళ్ళలో ఆ నారింజ బటన్ తీసేశారు. పాట ఆపి పక్కనున్నది వినడానికి ప్రత్యేకంగా ఒక బటన్! మావయ్యకి చెబితే, "మరి తీసేశారేం" అని మాత్రం అడిగాడు.

మన దగ్గర 2017లో సారేగామా వాళ్ళు కారవాన్ తెచ్చారు. మొదటి హిందీ మోడల్లో 5,000 పాత పాటలు లోపలే ఉన్నాయి. పాతకాలం రేడియో రూపం, తిప్పుకునే గుబ్బలు. టచ్ ఫోన్ల కాలంలో వెనక్కి నడిచిన డిజైన్ అది, బాగానే అమ్ముడుపోయింది. దాన్ని ఎక్కువగా ప్రచారం చేసింది అమ్మానాన్నలకి ఇచ్చే కానుకగా. నాకు ఆసక్తి కలిగించింది ఈ చివరి సంగతే. కొనే చెయ్యి ఒకటి, వాడే చెయ్యి ఇంకోటి. షాపులో కౌంటరు మీద వేలు పెట్టి చూసేది కొనే చెయ్యి. బావుందని చెప్పేదీ చాలాసార్లు అదే. రాత్రి మూడున్నరకి తడిగా ఉన్న చెయ్యి అభిప్రాయం కంపెనీ దాకా పోయే దారి లేదు. అది చెప్పుకునేది కుక్కతో.

అత్తయ్య ఒక ఉపాయం చేసింది. ఆవిడ దగ్గర రాయి పొదిగిన స్టికర్ బొట్లున్నాయి, కాస్త ఎత్తుగా ఉంటాయి. పలక మీద అంటిస్తే తడిమినప్పుడు ఎలాగూ నొక్కుకుపోతుంది కదా. అందుకని పలక బయట, ప్లాస్టిక్ అంచు మీద, పాట ఆపే చోటికి ఎదురుగా ఒక బొట్టు అంటించింది. సౌండు దగ్గర రెండు. మావయ్య అంచు తడుముకుని, బొట్టు దొరికాక వేలు లోపలికి ఒక్క అంగుళం జరుపుతాడు. పొడి చేత్తో పది సార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా తగులుతోంది. పెట్టె చూసినవాళ్ళు దానికి కూడా బొట్టు పెట్టారేంటండీ అని నవ్వుతారు. తడి చేతికి మాత్రం ఉపాయం దొరకలేదు.

చివరికి పాత పెట్టెని నేనే పవర్‌పేటలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఆయన విప్పి చూసి, బటన్ కింద స్విచ్చి పోయిందన్నాడు. బల్ల కింద నుంచి పాత హార్లిక్స్ సీసా తీశాడు. నిండా చిన్న చిన్న స్విచ్చిలు, రబ్బరు బటన్లు. బతికే అవకాశం లేని పెట్టెల్లోంచి ఊడదీసి దాచినవి. రెండు మూడు పెట్టి చూశాడు, నొక్కి చూశాడు, ఒకటి టక్కుమంది. 60 రూపాయలు తీసుకున్నాడు.

కొత్త పెట్టె ఇప్పుడు ఏలూరులో అత్తయ్య దగ్గరే ఉంటోంది, బొట్లతో సహా. పాతది గట్టు మీదికి పోయింది. మావయ్య వంతు రాత్రులు మళ్ళీ కాస్తున్నాడు. ఈసారి చేపలు పట్టాక మిగతా ఇద్దరూ మళ్ళీ ఏమంటారో తెలీదు.

షాపులోంచి వచ్చేస్తూ అలాంటి స్విచ్చి ఇంకో రెండు ఇమ్మన్నాను, మళ్ళీ పోతే పనికొస్తాయని. ఆయన సీసా మూత బిగించాడు. "ఒక్కటే ఇస్తానండి. మీలాగే అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు" అన్నాడు.