సముద్రంలో సరదా, ఒడ్డున జాగ్రత్త

గ్రీసు దేశపు దీవుల్లో కాలిమ్నోస్ ఒకటి. ఏజియన్ సముద్రంలో, తుర్కీ తీరానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ ఒక చిత్రమైన నృత్యం ఉంది. వరసలో ముందున్నవాడు చేతికర్ర ఊతంతో, కాళ్ళు వణికిస్తూ, తూలుతూ అడుగులు వేస్తాడు. సముద్రంలో మునిగి కాళ్ళు పడిపోయిన మనిషి నడకను అలా చూపిస్తారన్నమాట.

సముద్రం అడుగునుంచి స్పంజి తీయడం ఆ దీవివాళ్ళ తరతరాల వృత్తి. పూర్వం బరువైన రాయి పట్టుకుని, ఊపిరి బిగబట్టి దూకేవారు. 1860ల్లో లోహపు టోపీ, గాలి గొట్టం గల దుస్తులు వచ్చాయి. లోతుకు వెళ్ళి, చాలాసేపు ఉండి, గబగబా పైకి వచ్చేవారు. ఎందరో చనిపోయారు, ఎందరికో కాళ్ళు చచ్చుబడ్డాయి.

కారణం 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ వివరించాడు. లోతులో ఒత్తిడికి గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే, గోలీ నొక్కగానే సోడా పొంగినట్లు అది బుడగలు కడుతుంది. ఆ బుడగలు వెన్నుపామును కూడా దెబ్బతీస్తాయి. ఆగి ఆగి పైకి ఎలా రావాలో 1908లో హాల్డేన్ లెక్క కట్టి చెప్పాడు.

నేడు అక్కడ సరదాకి గాలి సిలిండరుతో మునిగేవారికీ ఇదే సూత్రం. శిక్షకుడు లేకుండా దిగవద్దు. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు, తొందరపడవద్దు. జలుబు, చెవిపోటు ఉంటే ఆ రోజుకి మానండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కసారి మునిగినా 12 గంటలు, పదేపదే మునిగితే కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు.

ఇక ఈతగాళ్ళ సంగతి. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్‌మీద ఉత్తరపు గాలి బలంగా వీస్తుంది. దాన్ని మెల్తెమి అంటారు. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, అదే మోసం! గాలి నింపిన పరుపుమీద పడుకున్న పిల్లవాడు చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోగలడు. బావిలో, కాలవలో ఈత నేర్చినవారు సముద్రాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒడ్డుకు సమాంతరంగా, కాళ్ళు అందే లోతులో ఈదండి. ఎర్రజెండా ఉంటే దిగనే వద్దు. నీటి ప్రవాహం లాగేస్తుంటే ఎదురీదక, పక్కకు ఈది తప్పించుకోండి. పడవైనా, పలకైనా ఎక్కేముందు లైఫ్ జాకెట్ తొడగాలి. లోతు తెలియని చోట తలకిందులుగా దూకితే మెడ విరగవచ్చు. మద్యం తాగి నీళ్ళలోకి దిగకండి.

అక్కడి రాళ్ళను నల్లటి ముళ్ళ జీవులు అంటుకుని ఉంటాయి. రబ్బరు చెప్పులు వేసుకోండి. ముల్లు దిగితే చిమటాతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టండి. జెల్లీ ఫిష్ కుడితే రుద్దకుండా సముద్రపు నీటితోనే కడగండి, మంచినీళ్ళు వద్దు. ఆయాసం, ముఖం వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆపదలో 112కు ఫోను చేయవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం: పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు పెద్దవాళ్ళలో ఒకరు వాళ్ళనే చూస్తూ ఉండాలి. ఆ పని ఎవరిదో దిగకముందే తేల్చుకోండి.