రెండో బహుమతి

మా అమ్మాయి చదరంగం పోటీలో రెండో బహుమతి తెచ్చిందండీ. కప్పు సంచీలోంచి తియ్యకుండానే ముసుగుతన్ని పడుకుంది. తప్పు నాదే. గుమ్మంలోనే "మొదటిది ఎవరికొచ్చిందే?" అని అడిగేశాను.

వంటింట్లోకొచ్చాక మన కోనేరు హంపి గుర్తొచ్చింది. గుడివాడలో పుట్టిన పిల్ల. 'ఛాంపియన్' అన్న మాటలోంచే వాళ్ళ నాన్నగారు ఆ పేరు తీశారట. 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. అప్పటిదాకా అంత చిన్నతనంలో ఏ ఆడపిల్లా ఆ హోదా అందుకోలేదు. తీరా 2011లో టిరానాలో ప్రపంచ కిరీటం కోసం చైనా అమ్మాయి హౌ యిఫాన్‌తో ఆడితే మూడు ఆటలు ఓడి, అయిదు డ్రా చేసింది. ఒక్కటీ గెలవలేదు!

మనమైతే బల్ల అటకెక్కించేవాళ్ళం. ఆవిడ ఎక్కించలేదు. 2017లో తల్లయింది. పాపాయికి రెండేళ్ళు నిండాక, 2019లో మాస్కోలో గబగబా ఆడే రాపిడ్ పోటీలో ప్రపంచ విజేత అయింది. 2024లో న్యూయార్కులో మళ్ళీ గెలిచింది. 2025లో బాటుమీలో ప్రపంచ కప్పు ఫైనల్లో పందొమ్మిదేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. టిరానాలో చేజారిన ఆ పెద్ద కిరీటం మాత్రం దక్కనే లేదు. అయినా ఆవిణ్ణి చిన్నదనే ధైర్యం ఎవరికుంది?

కప్పు తీసి అద్దాల బీరువాలో పెట్టాను.

"రెండోదేగా అమ్మా!" అంది, ముసుగు తీసి.

"ఉండనీ. నాకూ ఆట నేర్పవే."

గుర్రం ఎటు దూకుతుందో తెలియని నేను ఆ రాత్రి మూడుసార్లు ఓడాను. పిల్ల నవ్వింది.