కొండ ఒప్పుకున్న దారి

రైలు ప్రయాణంలో స్టేషను పేరు చదవని వారుండరు. పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరాలలో ఊరి పేరు ఉంటుంది. ఆ పేరుకు దిగువన, చిన్న అక్షరాలలో, సముద్రమట్టానికి ఆ స్థలం ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో తెలిపే అంకె ఒకటి ఉంటుంది. దిగవలసిన ప్రయాణికునికి దానితో పని లేదు. ఎక్కవలసిన వానికి అసలే లేదు. కాని ఆ మార్గాన్ని వేసిన ఇంజనీర్లు రాత్రింబవళ్ళు తలపోసినది ఆ అంకెను గురించే. విశాఖపట్టణం నుండి అరకులోయకు పోయే దారిలో శిమిలిగుడ అనే చిన్న స్టేషను ఉంది. దాని ఎత్తు 996 మీటర్లు. 2008లో కాశ్మీరులోయకు రైలు రాకమునుపు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలో అత్యున్నతమైనదని దానికి పేరు. సముద్రతీరపు మైదానం నుండి బయలుదేరిన ఇనుప చక్రం అంత ఎత్తుకు ఎట్లా చేరింది? ఈ ప్రశ్న ఒకప్పుడు ఇంజనీర్లది. నేడు అదే ప్రశ్నను కంప్యూటరు ముందు కూర్చుని వేసుకునే వారు కొందరున్నారు. వారు తమ ఇంటి బల్లపై, తెరమీద, నిజమైన కొండల నడుమ రైలుమార్గాలు నిర్మించే ఔత్సాహికులు.

బొమ్మరైళ్ళ వినోదం కొత్తది కాదు. ఐరోపా, అమెరికా దేశాలలో పెద్దవారు సైతం గదుల నిండ పట్టాలు పరచి, అట్టతో, సున్నపుపిండితో కొండలు పోసి, చిన్న ఇంజనులను నడిపి ఆనందించారు. హెచ్.ఓ. అనే పరిమాణం వారిలో బహుళ ప్రచారం పొందింది. అసలు వస్తువును 87వ వంతుకు తగ్గించడం దాని నియమం. ఈ లెక్కన 100 కిలోమీటర్ల మార్గాన్ని ఉన్నదున్నట్లు చూపాలంటే సుమారు 1,150 మీటర్ల పొడవైన స్థలం కావాలి. శిమిలిగుడ ఎత్తును నిలపాలంటే పదకొండు మీటర్లు, అనగా మూడంతస్తుల మేడ పొడుగున, బల్ల లేపాలి. అంతటి ఇల్లు ఎవరికుంటుంది? కనుక బల్లమీద బొమ్మరైలు కట్టేవాడు దూరాలను కుదిస్తాడు, కొండలను తగ్గిస్తాడు, పది మలుపులున్న చోట రెండు చాలునంటాడు. అది తప్పనలేము. చిత్రకారుడు పటంలో చేసేది కూడ అదే కదా!

కంప్యూటరు వచ్చి ఈ సంకోచాన్ని తొలగించింది. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘ట్రెయిన్ సిమ్యులేటర్’ను, ఆస్ట్రేలియాలోని ఆరన్ సంస్థ ‘ట్రెయిన్జ్’ను వెలువరించాయి. రైలు నడపడం ఒకటే వీటి ప్రయోజనం కాలేదు. నేలను సృష్టించి, దానిపై పట్టాలు పరచే పనిముట్లు కూడ వీటిలో ఉన్నాయి. గది చాలదన్న బాధ పోయింది. నూరు కిలోమీటర్లు కావాలంటే నూరు కిలోమీటర్లూ పరచుకోవచ్చు. అయితే చోటు దొరికిన వెంటనే మరొక చిక్కు ఎదురైంది. ఆ నూరు కిలోమీటర్ల పొడుగునా నేల ఎట్లా ఉండాలి? తోచినట్లు కొండలు లేపుకుంటూ పోతే కొంతసేపటికి కొండలన్నీ ఒకేలాగ, ఇసుకగూళ్ళలాగ కనిపిస్తాయి. మనిషి ఊహలో పుట్టిన కొండకు వాగు ఎటు పారాలో తెలియదు.

ఈ చిక్కుకు సమాధానం ఆకాశం నుండి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో ‘ఎండీవర్’ అనే అమెరికా వ్యోమనౌక పదకొండు రోజులపాటు భూమిచుట్టు తిరుగుతూ నేల ఎత్తులను రాడార్‌తో కొలిచింది. నౌకలో ఒక గ్రాహకం, నౌక నుండి 60 మీటర్ల దూరం చాచిన దండం కొసన మరొక గ్రాహకం ఉన్నాయి. నేలను తాకి మరలిన తరంగం ఈ రెండింటికీ లేశమాత్రపు తేడాతో చేరుతుంది. మన రెండు కన్నులు వస్తువు దూరాన్ని గ్రహించినట్లు, ఆ తేడాను బట్టి నేల ఎత్తును గణించారు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుండి 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం వరకు, భూమిపై ఉన్న నేలలో సుమారు 80 శాతం, ఈ కొలతకు లోనైంది. తొలుత అమెరికా దేశానికి 30 మీటర్లకొక అంకె, తక్కిన ప్రపంచానికి 90 మీటర్లకొక అంకె చొప్పున ఈ దత్తాంశాన్ని ఉచితంగా ఇచ్చారు. 2014 నుండి తక్కిన దేశాలకు కూడ 30 మీటర్ల అంకెలు లభించసాగాయి. మనదేశం 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహపు చిత్రాల నుండి కూడ ఇటువంటి ఎత్తుల పట్టిక తయారైంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం దానిని అందిస్తున్నది.

ఈ దత్తాంశం చూడడానికి పటంలాగ ఉండదు. అక్షాంశ రేఖాంశాల మధ్య ఒక్కొక్క డిగ్రీ చదరానికి ఒక్కొక్క పలక చొప్పున, కేవలం అంకెలు. 30 మీటర్ల పలకలో అడ్డముగా 3,601, నిలువుగా 3,601 అంకెలుంటాయి. మొత్తం ఒక కోటి ఇరవైతొమ్మిది లక్షల పైచిలుకు. పలకకు పేరు దాని నైరుతి మూలను బట్టి పెడతారు. అరకు మార్గాన్ని తెరపై నిర్మించదలచిన యువకుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. అతనికి ఒక పలకతో సరిపోదు. కొత్తవలస 17వ అక్షాంశం, 83వ రేఖాంశం పేరున్న పలకలో ఉంటే, బొర్రా గుహలు 18, 83 పలకలో ఉన్నాయి. అరకు 18, 82 పలకలో ఉంది. ఒకే రైలు ఒక పూటలో మూడు పలకలు దాటుతుందన్నమాట. ఈ మూడింటిని కుట్టినట్లు కలిపి, ‘ట్రాన్స్‌డెమ్’ వంటి పనిముట్టుతో సిమ్యులేటరుకు అందిస్తే, చదునైన తెరపై అనంతగిరి కొండలు లేస్తాయి. ఏ రంగూ, ఏ చెట్టూ లేని బూడిదవన్నె కొండలు. ఆ ప్రాంతం ఎరిగినవాడు ఆ బోడికొండలను చూసి కూడ ఇది ఫలానా లోయ అని గుర్తుపట్టగలడు.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. కొండ వచ్చింది, దానిపై పట్టా ఎటు పోవాలి? రోడ్డుకున్నంత స్వేచ్ఛ రైలుకు లేదు. ఇనుప పట్టాపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ. అందుచేత ఎత్తుకు ఎక్కడం చాలా నెమ్మదిగా సాగాలి. ముంబై నుండి పుణేకు పోయే భోర్‌ఘాట్‌లో 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతారు. అది ప్రధానమార్గాలలో మిక్కిలి నిటారైన వాటిలో ఒకటి, వెనుక నుండి తోసే ఇంజన్లు అక్కడ చాలా బండ్లకు అవసరం. ఇంగ్లండులో 1876లో ప్రయాణికులకు తెరచిన సెటిల్-కార్లైల్ మార్గంలో నూటికి ఒకటి మాత్రమే. అయినా ఆ ఎక్కుడుకు అక్కడివారు ‘సుదీర్ఘమైన ఈడ్పు’ అని పేరుపెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటరులో ఇచ్చిన ఆరు మార్గాలలో అది ఒకటి. ఇప్పుడు మన యువకుడు లెక్క వేయాలి. 60కి ఒకటి చొప్పున 900 మీటర్లు ఎక్కాలంటే 54 కిలోమీటర్ల పట్టా కావాలి. కొండ అడుగు నుండి శిఖరానికి సరళరేఖలో అంత దూరం లేనేలేదు. మరి ఆ మిగిలిన దూరాన్ని ఎక్కడ నుండి తేవాలి? ప్రతి లోయలోనికి దూరి, దాని ముఖాన్ని తాకి, అవతలి పక్కగా వెలికి వచ్చి, మరొక లోయలో దూరి తేవాలి. ప్రయాణికుడు కిటికీలో నుండి చూసి వంకర అనుకునేది నిజానికి ఎత్తును దూరంగా మార్చే లెక్క.

సిమ్యులేటరులో ఈ లెక్కను తప్పించుకునే సులువు ఒకటుంది. మౌస్‌తో ఒక నొక్కు నొక్కితే కొండ దిగిపోతుంది. అగస్త్యుని ముందు వింధ్యం వంగిందని పురాణకథ. ఇక్కడ ఏ తపస్సూ లేకుండానే ప్రతివాడూ అగస్త్యుడే! కొండను వంచి పట్టాను నిలిపితే బండి చక్కగా నడుస్తుంది, చూసేవారు మెచ్చుకుంటారు కూడ. కాని అట్లా వంచిన మరుక్షణం అది అనంతగిరి కాకుండా పోతుంది. ఈ విద్యలో రుచి ఎరిగినవారు కొండ జోలికి పోరు. పట్టానే మార్చి మార్చి వేస్తారు. మూడుసార్లు వేసి, మూడుసార్లు చెరిపి, నాలుగవసారి ఒక మలుపు వద్ద నేల తనంత తానుగా దారి ఇచ్చినప్పుడు, 1960లలో కొత్తవలస-కిరండూల్ మార్గం వేసినవారు సరిగా అదే మలుపును ఎందుకెంచుకున్నారో అర్థమవుతుంది. పాఠంగా చెబితే అంతగా అబ్బని సంగతి అది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి వేసిన మార్గం అది. ఖనిజంతో నిండిన బండ్లు ఈ కనుమలో కిందికి దిగుతాయి, ఖాళీవి పైకి ఎక్కుతాయి. అందుచేత ఆ వాలు ఇంజను బలాన్ని ఎంతగా పరీక్షిస్తుందో, బ్రేకుల బలాన్ని అంతకు మించి పరీక్షిస్తుంది. తెరపై బరువైన గూడ్సుబండిని దింపి చూసినవానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు దత్తాంశపు గొప్పతనం. దాని లోపాలు కూడ తక్కువవి కావు. వాటిని ఎరుగనివాడు కొండను వంచకపోయినా మోసపోతాడు. రాడార్ తరంగం దట్టమైన అడవిలో నేలదాకా చేరదు, కొమ్మలలోనే చాలవరకు ఆగిపోతుంది. కనుక అడవి ఉన్నచోట అంకె నేలది కాదు, చెట్లది. అడవి అంచున నేల ఉన్నట్టుండి లేచినట్లు కనబడుతుంది. నిటారైన లోయలలో తరంగం నీడ పడి కొన్నిచోట్ల అంకెలే ఉండవు, ఆ ఖాళీలను ఇతర పటాల సహాయంతో పూరించవలసి వచ్చింది. పైగా ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే ఉంటాయి. మనిషి కంటికి ఒక మీటరు లెక్కలోనిది కాదు, రైలుకు మాత్రం అది నూరు మీటర్ల ప్రయాణపు ఎక్కుడు. అంకెలో పది మీటర్ల పొరపాటు మూడువందల మీటర్ల లోపల పడితే ముప్పైకి ఒకటి వాలు పుడుతుంది. భోర్‌ఘాట్ కంటే నిటారైన ఆ వాలు అసలు మార్గంలో ఎక్కడా ఉండదు. మరొక సంగతి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో నేల ఎనిమిది మీటర్లకొక బిందువుతో నిర్మితమై ఉంటుంది. 90 మీటర్ల దత్తాంశాన్ని అందులో పోస్తే, కొలిచిన ఒక్క అంకెకు కంప్యూటరు నూటికి పైగా అంకెలను తానే కల్పించుకుంటుంది. ఆ కల్పన ఎంత నునుపుగా ఉంటుందంటే, ఏది కొలత, ఏది కల్పన అన్నది చూసి చెప్పడం కష్టం.

సొరంగాల కథ ఇంకా విచిత్రం. ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. ఆకాశం నుండి కొలిచిన పట్టికలో వాటిలో ఒక్కటీ లేదు. రాడార్ చూసినది కొండ వీపును, దాని కడుపును కాదు. రైలు కోసం తవ్విన ఇరుకైన కోతలు, పోసిన మట్టికట్టలు 30 మీటర్ల గళ్ళలో కరిగిపోతాయి. అనగా మనిషి ఆ కొండపై చేసిన పని అంతా మాయమై, పట్టాలు పడకముందటి కొండ మిగిలినట్లుంటుంది. సర్వేయరు తొలిసారి కాలినడకన చూసిన కొండకు ఇది దగ్గరిది. మన యువకునికి ఇది లోపమూ, అదృష్టమూ. ఒక్కొక్క సొరంగానికి నోరు ఎక్కడో వెతుక్కుని, ఆ రెండు నోళ్ళ ఎత్తులను వాలుతో కలిపి, తానే తవ్వుకోవాలి. సిమ్యులేటరులో ఒక్కొక్క బిందువుకు ఒకే ఎత్తు ఉంటుంది కనుక నేలకింద నేల అనేది కుదరదు. నేలపై రంధ్రం కోసి, లోపల సొరంగపు గొట్టాన్ని అమర్చి, రాతి ముఖద్వారంతో ఆ గాయాన్ని కప్పాలి.

అప్పుడు అతడు దేనిని నమ్మాలి? తిరిగి స్టేషను పలకనే. రెండు స్టేషన్ల ఎత్తులూ, వాటి మధ్య దూరమూ తెలిస్తే సగటు వాలు తెలుస్తుంది. పట్టా పక్కన వాలు ఎక్కడ మారుతుందో చెప్పే చిన్న స్తంభాలుంటాయి. కిటికీ పక్కన కాగితం పట్టుకుని కూర్చుంటే కొన్నింటినైనా రాసుకోవచ్చు. భారత సర్వేక్షణ శాఖ టోపోషీట్లలో కాంటూరు రేఖలు, వంతెనలు, సొరంగాలు గీసి ఉంటాయి. ఆకాశపు అంకె, పలకమీది అంకె, పటంలోని గీత, ఈ మూడూ ఒకచోట కలిస్తే సంతోషం. కలవనప్పుడు ఏది ఎందుకు తప్పిందో తేల్చాలి. పట్టాకు సంబంధించినంత వరకు రైల్వేవారి అంకెదే పైచేయి. అది కాలినడకన, మట్టసాధనంతో, ఒక్కొక్క గజం చొప్పున కొలిచినది. చుట్టూ ఉన్న కొండకు రాడార్ మాటనే వినవచ్చు. ఇంత శ్రమ ఒక ఆటకా అని పెద్దలు విసుక్కోవచ్చు. ప్రాచీన తాళపత్రాల పాఠభేదాలను పోల్చి చూసే పండితుణ్ణి కూడ లోకం అట్లాగే విసుక్కుంది.

ఈ శ్రమకు నిజమైన అవసరం మరొకచోట కనిపిస్తుంది. కొన్ని మార్గాలు నేలమీద ఇక లేవు. నల్లమలలో గుంటూరు-గుంతకల్లు మీటరుగేజి దారిని బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు దొరబావి వంతెన పాతదారితోపాటు విడువబడింది. అయినా అక్కడ కొండ మిగిలి ఉంది, కనుక అంకెలూ మిగిలి ఉన్నాయి. హిమాచలప్రదేశ్‌లోని కాంగ్రాలోయ మార్గంలో ఆ మాత్రం కూడ దక్కలేదు. ఆ నారోగేజి మార్గంలో జవాన్‌వాలాషహర్, గులేర్ స్టేషన్ల మధ్యభాగం బియాస్ నదిపై కట్టిన పాంగ్ ఆనకట్ట నీటిలో మునిగింది. 1973లో అక్కడ బండ్లు ఆగాయి. 1976లో వేరుదారిన మళ్ళీ నడిచాయి. 2000లో ఎండీవర్ ఆ చోటు మీదుగా పోయినప్పుడు కింద ఉన్నది నీరు. దత్తాంశంలో జలాశయాలను సమతలాలుగా సరిచేస్తారు. అందుచేత పాతలోయ ఉన్నచోట వేల గళ్ళలో ఒకే అంకె, అద్దంలాగ, పరచుకుని ఉంటుంది. ఎంత సూక్ష్మమైన ఉపగ్రహపు రాడార్ అయినా ఆ నీటి అడుగును చూడలేదు.

ఆ పాతదారిని కట్టదలచినవాడు ఆనకట్టకు ముందటి టోపోషీటును సంపాదించాలి. దానిని తెరపై అక్షాంశ రేఖాంశాలకు సరిగా అతికించి, కాంటూరు రేఖలను ఒక్కొక్కటిగా మౌస్‌తో దిద్ది, ప్రతిగీతకు దాని ఎత్తు రాసుకుంటూ పోవాలి. వారాలు పట్టే పని. ఆ గీతల నుండి కంప్యూటరు కొత్త పలకను తయారుచేస్తుంది, నీటి అంకె ఉన్న గళ్ళలో పాతనేల అంకెలు చేరుతాయి. తెరపై జలాశయం ఖాళీ అవుతుంది. అడుగున బియాస్ గట్టు, దానికి ఇరువైపుల పొలాల వాలు బయటపడతాయి. ఆ వాలు వెంట, 1973 వరకు పట్టాలున్న చోట, మళ్ళీ పట్టాలు పరచవచ్చు.