ఎండాకాలం గాలి

మా ఇంట్లో ఒక స్పోర్ట్స్ కారు ఉంది. నవ్వకండి. దాన్ని అలా పిలిచేది మా పెద్దోడు. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఎర్ర రంగు, చిన్న బండి. డిక్కీలో రెండు బియ్యం మూటలు పెడితే మూడోదానికి చోటుండదు గానీ, సైలెన్సర్ చప్పుడు మాత్రం వీధి మొదట్లోనే వినిపిస్తుంది. "ఇంతోటి దానికి అంత అరుపు దేనికిరా?" అంటారు మా ఆయన. వాడికి కోపం.

మొన్న ఉగాదికి వచ్చినప్పుడు టైర్లు మార్చాలన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. గీతలు బాగానే ఉన్నాయి. "బటన్ ఇంకా ఉంది కదరా, ఏడాది తిరుగుతాయి" అన్నారు మా ఆయన. డబ్బు దగ్గర ఆయన మాట ఎప్పుడూ అంతే. అప్పుడు మావాడు టైరు పక్కన చిన్న గుడ్డులాంటి గడిలో ఉన్న నాలుగంకెలు చూపించాడు. 2316. అంటే 2016లో 23వ వారం తయారైందట. చీరకు అంచు చూస్తాం, పప్పు పొట్లానికి తేదీ చూస్తాం, టైరుకూ పుట్టినరోజు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలని, పదేళ్లయితే గీతలున్నా తీసేయాలని టైర్ల కంపెనీలే చెబుతాయట. రబ్బరు కదా, మన కుక్కర్ గాస్కెట్టు లాంటిదే. చూడ్డానికి బాగుంటూనే బిర్రబిగిసిపోతుంది.

సరే, మార్చాలి. ఏది వేయించాలన్న దగ్గర మొదలైంది రభస. బండితో వచ్చిన సైజు 195/55 ఆర్ 16. వాడికి కావలసింది 205/45 ఆర్ 17. పెద్ద చక్రం, సన్నటి రబ్బరు. "స్పోర్ట్స్ కార్లకు అట్లనే ఉంటాయి మా" అన్నాడు. నేను బీఏ తెలుగు. పీడనం అంటే నాకు తెలిసింది బంగాళాఖాతంలో అల్పపీడనం ఒక్కటే. అయినా పాల లెక్క రాసే నోటు పుస్తకం తీసి ఆ అంకెలేమిటో చెప్పమన్నాను. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు టైరు గోడ ఎత్తో చెబుతుంది. చివరిది లోపలి ఇనుప చక్రం, అంగుళాల్లో. గుణించి చూశాను. ఇప్పుడున్న దాని గోడ 107 మిల్లీమీటర్లు, వాడడిగే దానిది 92. అంటే గుంతలో పడ్డప్పుడు చక్రానికీ రోడ్డుకూ మధ్య ఉండే మెత్తదనంలో ఒకటిన్నర సెంటీమీటరు పోతుంది. గోడ పొట్టిదైతే మలుపులో బండి ఊగదు, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. నిజమే. నున్నటి రోడ్డయితే బాగుంటుంది. మా అమ్మవాళ్ల వీధిలోకి తిప్పేచోట కాలువ మీద ఉన్న బండ మాత్రం స్పోర్ట్స్ కారని చూడదు.

మా అమ్మ ఆళ్లగడ్డలో ఉంటుంది. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్లు. శిరివెళ్ల మీదుగా ఇప్పుడు పెద్ద హైవే. వరికోతలప్పుడు ఆ రోడ్డు పక్కనే వడ్లు ఆరబోస్తారు. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రిపూట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్న ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి గారి కారు, రోడ్డు మీది వడ్ల కుప్పను తప్పించబోయి బోల్తా పడింది. ఇరవై నాలుగో తేదీన ఆమె పోయారు. ఆ రోజు మా అమ్మ వాళ్ల వీధిలో పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. ఆ కబురు గుర్తొస్తే చాలు, వెనక సీట్లో కూర్చున్నా నా చెయ్యి బెల్టు కోసం వెతుకుతుంది. వడ్ల మీద పడ్డాక వెడల్పు టైరైనా ఒకటే, సన్న టైరైనా ఒకటే.

చివరికి 16 అంగుళాలకే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు అంటే, మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత మా ముగ్గురం షాపుకు వెళ్లాం. తయారీ తేదీ చూపించమని అడిగితే కుర్రాడు ఒకసారి నా వంక చూసి, తెచ్చిన నాలుగూ లోపల పెట్టి వేరే నాలుగు తెచ్చాడు. అడగకపోయుంటే ఏవి ఎక్కించేవాడో!

ఇంతవరకూ అయితే నేను ఇది రాసేదాన్నే కాదు. అసలు సంగతి ఆ మర్నాడు జరిగింది. ఆళ్లగడ్డకు బయలుదేరుతుంటే మావాడు గేజీ పట్టుకుని వాల్వు దగ్గర కూర్చున్నాడు. డ్రైవరు తలుపు తీస్తే లోపల అంటించిన కాగితంలో 33 అని ఉంది. వీడు గాలి వదులుతున్నాడు.

"ఎందుకురా?"

"ఎండకు గాలి పెరుగుతాది మా. ఒక ఐదు తగ్గిస్తాండా. రేసుల్లో కూడా తగ్గిస్తారు."

ఒక ఐదు తగ్గిస్తాండా. ఆ మాట నేను ముందే విన్నాను. 1996 మే నెలలో, ఆళ్లగడ్డలో, మా నాయన నోట.

అప్పుడు మా నాయనకు జీపుండేది. మహానందిలో మా పిన్ని కూతురి పెళ్లి. పొద్దున్నే పంచరంగడి దగ్గర ఆపి, "ఎండలు మండుతుండాయి, ఒక ఐదు తగ్గించప్పా" అన్నాడు. ముందు సీట్లో జడకు కనకాంబరాలు సర్దుకుంటూ నేను విన్నాను. అంగడి మామ ఏదో గొణిగాడు, తర్వాత తగ్గించాడు. పోయేటప్పుడు ఏమీ కాలేదు. తిరిగొచ్చేటప్పుడు పన్నెండు మందిమి ఎక్కాం. మిట్టమధ్యాహ్నం శిరివెళ్ల దాటాక ముందు ఎడమ టైరు పేలింది. జీపు చేలో పడింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. నాయన కుడికాలు మాత్రం రెండుచోట్ల విరిగి పొట్టిదై అతుక్కుంది. ఆ తర్వాత ఆయన స్టీరింగు పట్టలేదు. జీపు అమ్మేశాం.

అమ్మ మాత్రం ఒకే మాట మీద నిలబడింది. "ఆ అంగడాయప్ప గాలి ఎక్కువ కొట్టినాడు, ఎండకు పగిలింది." వాళ్లింటికి పోవడం మానేసింది. ఆయన భార్య ఎదురైతే మొహం తిప్పుకునేది. వాళ్లింటి పెళ్లికి పిలిస్తే పోలేదు. నాయన ఒక్కనాడూ కాదనలేదు. అవుననీ అనలేదు. పోయేదాకా ఆ ఊసే ఎత్తలేదు. నాకూ తోచలేదు. తగ్గించమన్న మాట విన్నదాన్ని, ఎక్కువ కొట్టాడని అమ్మ అంటుంటే ఆ రెండూ పొసగవని పదిహేనేళ్ల పిల్లకు తట్టకపోతే పోనీ, నలభై దాటాక కూడా తట్టలేదంటే ఏమనాలి?

ఆ పొద్దున నేను మావాడి చేతిలోంచి గేజీ లాక్కున్నాను. "రేసుల్లో ఎందుకు తగ్గిస్తారో అది చెప్పు ముందు." 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే హైదరాబాద్ పోయి చూసొచ్చినవాడు, తెలియదంటే పరువు పోతుంది. ఫోను తీసి వెతికాడు. చదువుతూ చదువుతూ వాడే మెత్తబడ్డాడు.

సంగతి ఏమిటంటే, రేసు ట్రాకులో బండి విపరీతంగా వేడెక్కుతుంది. వేడెక్కాక ఎంత గాలి ఉండాలో ముందే లెక్క వేసుకుని, చల్లగా ఉన్నప్పుడు తక్కువతో మొదలుపెడతారు. మళ్లీ మళ్లీ కొలుచుకుంటారు. అక్కడా ఇష్టమొచ్చినట్టు కాదు. ఫార్ములా వన్‌లో టైర్లిచ్చే పిరెల్లీ, ఇంతకంటే తక్కువతో మొదలుపెట్టకూడదని అంకె చెబుతుంది. మన రోడ్డు బండికి కాగితం మీద రాసిన 33 చల్లటి టైరుకు చెప్పిన లెక్క. పది డిగ్రీల వేడి పెరిగితే గేజీలో ఒకటిన్నర పెరుగుతుంది, నడిస్తే మూడు నాలుగు పెరుగుతుంది. ఆ పెరుగుదలను తట్టుకునేలాగే టైరు చేస్తారు. తట్టుకోలేనిది తక్కువ గాలినే. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు గోడ లోపలికి మడిచి మళ్లీ నిలబడుతుంది. బైండింగ్ తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి, వంచిన చోట వేలు కాలుతుంది, తర్వాత తెగుతుంది. అదే పని టైరు గోడలో నిమిషానికి వందలసార్లు. పైన నంద్యాల ఎండ, లోపల పన్నెండు మంది బరువు. నిండా ఎక్కించుకుంటే తగ్గించడం కాదు, ఇంకాస్త పెంచమని తలుపు మీద వేరే అంకె కూడా ఉంటుంది. టైరు మీద అచ్చేసిన పెద్ద అంకె మాత్రం దాని గరిష్ఠం. అది చూసి కొట్టించకండి.

జీపు టైరు దానివల్లే పేలిందని నేను ఒట్టేసి చెప్పలేను. టైరు పాతదే, జనం ఎక్కువే. కానీ గాలి ఎక్కువ కొట్టి మాత్రం కాదు.

అమ్మకు చెప్పాలా వద్దా అని నలభై కిలోమీటర్లూ ఆలోచించాను. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నాయన లేడు. చెప్తే నాయన మీద పెట్టినట్టవుతుంది, చెప్పకపోతే ఆ అంగడాయన మీద ఉండిపోతుంది. మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు. చాలాసేపటికి, "నువ్వు విన్న్యావా?" అంది. విన్నానన్నాను. "అట్లనా" అంది, అంతే. రాత్రి మజ్జిగ ఒక్కటే తాగి పడుకుంది.

తెల్లారి ఆరింటికి మేం బయలుదేరుతుంటే చెప్పులేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఎక్కడికంటే చెప్పలేదు, చెయ్యి చూపిస్తూ దారి నడిపించింది. రెండు వీధుల అవతల, పాత అంగడి ఉన్నచోటే ఇప్పుడు ఆయన కొడుకు టైర్ల షాపు. "గాలి చూపియ్యండి" అంది. ఆ అబ్బాయి మమ్మల్ని గుర్తుపట్టాడో లేదో, పైపు లాక్కుని వచ్చాడు.

"ఎంత పెట్టాల అన్నా?"

మావాడు నోరు తెరిచేలోపే అమ్మ అంది, "తలుపు మీద రాసిండేదే పెట్టు నాయనా. ఎండాకాలమని తగ్గించొద్దు." నాలుగు టైర్లూ అయ్యేదాకా చూసింది. తర్వాత అద్దం ఇంకొంచెం దించి,

"మీ నాయన బాగుండాడా?" అంది.

"ఇంట్లోనే ఉండాడు అవ్వా. కండ్లు సరిగా కనపడవు. రాండి, టీ తాగిపోదురు."

అమ్మ బెల్టు విప్పబోయింది, రాలేదు. నేను వెనక నుంచి వంగి నొక్కాను.