ఆ రెండు కిలోమీటర్లు

"ఏమనుకోకండి మాస్టారూ. మీ బండి కన్నా మా డోలీయే నయం."

ఆ మాట అన్నది నా క్లాసులో చదివే పిల్లాడి చిన్నాన్న. వెటకారంగా అనలేదు. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, నా కారు వెనక భుజం ఆనించి, రొప్పుతూ అన్నాడు. జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి నలుగురు మనుషులు కొండ మీంచి డోలీలో మోసుకొచ్చి, నా కారులో పడుకోబెట్టి, తర్వాత ఆ కారునే తోశారు. మోసిన భుజాలే మళ్ళీ తోశాయి. నేను లోపల స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. అంత శర్మిందాగా నాకు జిందగీలో ఎప్పుడూ అనిపించలేదు.

పిల్లాడికి మలేరియా. అల్లా దయవల్ల బాగైపోయాడు, ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ నా కిటికీ అద్దం కూడా పగలగొట్టాడు. కానీ ఆ జూలై రాత్రి నా దిల్‌లోంచి పోలేదు.

నా ఉద్యోగం డుంబ్రిగుడ మండలంలో. అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో, చాపరాయి చూడ్డానికి వచ్చేవాళ్ళంతా మా మండలం మీదుగానే పోతారు. వాళ్ళు చూసేది తారు రోడ్డు, వలిసె పూలు, కాఫీ తోటలు. తారు అయిపోయాక మొదలయ్యే ఊళ్ళు వేరే. ఆ పిల్లాడిది ఇరవై రెండు గడపల కొందు ఊరు. తారు రోడ్డు చివర నుంచి రెండు కిలోమీటర్లు మట్టి బాట, తర్వాత ఒక గెడ్డ, గెడ్డ దాటాక కాలిబాట. 108 వస్తే తారు చివర దాకా వస్తుంది. 2018లో ఏజెన్సీకి ఫీడర్ అంబులెన్సులని బైకులు కూడా వచ్చాయి. అవి మంచి పనే చేశాయి గానీ, జోరువానలో ఆ మట్టి బాట మీద రెండు చక్రాలంటే అదొక ఇంతెహాన్. మిగిలేది డోలీ. ఒక వెదురు కర్ర, ఒక దుప్పటి, మనుషుల భుజాలు.

మాది డస్టర్ కారు, డీజిల్, ముందు చక్రాలు మాత్రమే లాగే రకం. సెకండ్ హ్యాండ్‌లో వైజాగ్‌లో కొన్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లా అయినా నంబరు ప్లేటు ఇంకా ఏపీ 31 అనే అంటుంది. నేలకీ బండి అడుగుకీ మధ్య రెండు వందల మిల్లీమీటర్ల పైనే ఖాళీ ఉంటుంది, ఆ ధీమాతోనే ఆ రాత్రి మట్టి బాట ఎక్కాను. రెండు వందల మీటర్లు కూడా పోలేదు.

బండి ఎత్తుగా ఉంటే చాలదని ఆ రాత్రే తెలిసింది. మా కొండల రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు, కొందుల పేరు మీదే పెట్టారు. అది యుగాలుగా చివికి ఈ ఎర్రమట్టి అయింది. ఎండలో ఇటుకలా ఉంటుంది, తడిస్తే సబ్బు. కంపెనీ నుంచి కారుతో వచ్చే టైర్లు హైవే రకం, వాటి గాడులు సన్నగా ఉంటాయి. తారు మీద నీళ్ళని పక్కకి తోయడానికి అవి చాలు. కానీ జిగురు మట్టి ఆ గాడుల్లో ఒకసారి కూరుకుపోతే ఇక బయటికి రాదు. నాలుగు సార్లు చక్రం తిరిగేసరికి టైరు నున్నటి మట్టి ముద్ద. ఆక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత గుంట తవ్వుకుంటుంది. నేను బాగానే తవ్వాను.

మర్నాడు ఇంట్లో టైర్ల మాట ఎత్తాను. బేగం వంటగదిలోంచే అడిగింది. "ఎంతవుతుంది?"

"నాలుగూ కలిపి ముప్పై ఎనిమిది వేలు."

గరిట చప్పుడు ఆగిపోయింది. "ఏమండీ, మీరు టీచరా, డ్రైవరా? ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి. ఒకసారి తీసుకెళ్తే ఇక రోజూ మన తలుపే కొడతారు. ఏదైనా అయితే జిమ్మేదారీ ఎవరిది?"

ఆమె అన్నదాంట్లో గలత్ ఏమీ లేదు. ముఖ్యంగా చివరి మాట. దారిలో ఏదైనా జరగరానిది జరిగితే? నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రెండు రోజులు ఇంట్లో ఆ టాపిక్ బంద్.

మూడో రోజు మగ్రిబ్ నమాజు అయ్యాక జానమాజ్ మడుస్తూ అమ్మీ అంది. "బేటా, మీ అబ్బాకి గుండె నొప్పి వచ్చిన రాత్రి మనల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఆటోవాలా యాదున్నాడా? పైసలు తీసుకోలేదు. పేరు కూడా అడగలేదు మనం."

"యాదుంది అమ్మీ."

"ఇరవై ఏళ్ళుగా నా దువాలో ఉన్నాడు. పేరు తెలీదు కాబట్టి ఆటోవాలా అనే అడుగుతా ఖుదాని."

అంతే అంది. బేగం ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు, పోస్టాఫీసులో కట్టే ఆర్డీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో చూడమంది.

ఆగస్టులో వైజాగ్ వెళ్ళాను. టైర్ల షాపు ఒక అజీబ్ దునియా. హెచ్‌టీ అంటే హైవేకి, ఎంటీ అంటే పూర్తి బురదకి, ఏటీ అంటే రెంటికీ మధ్య. ఎంటీ చూడ్డానికి జబర్దస్త్‌గా ఉంటుంది గానీ, నేను నెలలో ఇరవై ఎనిమిది రోజులు తారు మీదే తిరుగుతాను. అనంతగిరి ఘాట్‌లో తడి రోడ్డు మీద ఆ టైరు జారుతుందని షాపాయనే వద్దన్నాడు. మంచి మనిషి.

కుర్రాడొకడు మాత్రం "సార్, 215/70 వేయించుకోండి, బండి ఇంకా ఎత్తుగా కనిపిస్తది" అని వెంటపడ్డాడు. నా సైజు 215/65 ఆర్ 16. పెద్దది వేస్తే చక్రం వ్యాసం మూడు శాతం పైగా పెరుగుతుంది, మీటరు 60 చూపించినప్పుడు అసలు స్పీడు 62 ఉంటుంది. పూర్తిగా స్టీరింగ్ తిప్పితే లోపల రాసుకునే ప్రమాదం వేరే. వద్దన్నాను. సైజు పక్కన ఉండే 98 అనే నంబరు కూడా చూశాను, అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుందని. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు కూడా చూసుకోండి మీరు ఎప్పుడు కొన్నా. షాపులో కొత్తగా మెరిసేదంతా కొత్తది కాదు.

ఆ కుర్రాడే టైరు పక్కన ఉన్న చిన్న కొండ బొమ్మ చూపించాడు. "ఇది ఉంటే మంచులో కూడా గ్రిప్ ఉంటది సార్." ఆ బొమ్మలోది కశ్మీర్ మంచు. మా మంచు వేరు. డిసెంబరులో పొద్దున్నే బానెట్ కూడా కనిపించదు. దానికి టైరు కాదు, నెమ్మదిగా పోయే బుద్ధి కావాలి.

బిగించాక షాపాయన నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. నేను కాదనలేదు, ఆయన ముహబ్బత్ అది. ఇంటికొచ్చాక అమ్మీ ఆయతుల్ కుర్సీ చదివి బండి చుట్టూ ఊదింది. నిమ్మకాయల సంగతి ఆమెకి చెప్పలేదు.

ఏటీ టైరు తారీఫులు చాలామంది చెబుతారు, తక్లీఫులు చెప్పరు. లీటరుకి పందొమ్మిది ఇచ్చే బండి పదిహేడుకి దిగింది. డెబ్బై దాటితే తుమ్మెద గుంపు వెంటబడినట్టు చప్పుడు. స్టీరింగ్ కొంచెం బద్ధకంగా తిరుగుతుంది. తడి తారు మీద పాత టైర్ల కన్నా కాస్త దూరం పోయి ఆగుతుంది, కాబట్టి ఘాట్‌లో ముందు బండికి ఇంకో బండంత దూరం ఎక్కువ వదులుతున్నాను. చిన్నమ్మాయి వెనక సీట్లో నిద్రపోవడం లేదని బేగం ఫిర్యాదు. అన్నీ సచ్.

మట్టి మీద మాత్రం వేరే బండి. బిళ్ళలు ఎడంగా ఉంటాయి కాబట్టి చక్రం తిరిగే జోరుకి మట్టి బయటికి విసిరేస్తుంది, మళ్ళీ శుభ్రమైన అంచు నేలని పట్టుకుంటుంది. మట్టి బాట మొదట్లో ఆగి గాలి 33 నుంచి 24కి దించుతాను, టైరు కాస్త పరుచుకుని పట్టు పెరుగుతుంది. తిరిగి తారు మీదకి రాగానే సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న పంపుతో నింపాలి. నాలుగింటికీ ఇరవై నిమిషాలు. బద్ధకించి అలాగే నడిపితే టైరు వేడెక్కి పాడైపోతుంది.

సెప్టెంబరు ఆఖర్లో, ఇషా దాటాక ఫోన్ వచ్చింది. అదే ఊరు. ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. కొండ మీద సిగ్నల్ దొరికే ఒకే ఒక్క బండరాయి ఎక్కి చేశారు. ఈసారి తలుపు దగ్గర బేగమే టార్చ్, ఫ్లాస్క్, పాత దుప్పట్లు పట్టుకుని నిలబడింది.

జూలైలో కూరుకుపోయిన చోటు దాటుతుంటే ఊపిరి బిగబట్టాను. సెకండ్ గేరు, ఒకే వేగం, ఎక్కడా ఆపకుండా. ఒక వంపులో వెనక భాగం జారింది, మళ్ళీ పట్టుకుంది. ఆ రెండు కిలోమీటర్లూ ఎక్కేసింది బండి. గెడ్డ దగ్గర ఆపాను.

కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నాయి. లోతు ఎంతో చీకట్లో తెలీదు. అడుగు లోతు పారే నీళ్ళు చాలు చిన్న కారుని తేలగొట్టి లాక్కెళ్ళడానికి, అక్కడ ఏ టైరూ పనికిరాదు. ఒక్క క్షణం షైతాన్ చెవిలో ఊదాడు, ఇంత దూరం వచ్చావు, ఇదీ దాటెయ్ అని. హ్యాండ్ బ్రేక్ లాగి, బండి వెనక్కి తిప్పి, లైట్లు వేసి కూర్చున్నాను.

వాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని డోలీ దాటించారు. అవతల ఒడ్డున టార్చ్ లైట్లు, నీళ్ళ హోరు, ఆ అమ్మాయి మూలుగు. నేను ఇవతల నిలబడి చేయగలిగింది వెనక తలుపు తెరిచి పట్టుకోవడం. కారులో పడుకోబెట్టాక ఆ చిన్నాన్నే చక్రం వంక చూసి, చేత్తో తట్టి, "ఇదా కొత్తది" అన్నాడు. బురద దారిలో, చీకట్లో, బరువుతో ఆ రెండు కిలోమీటర్లు దిగడానికి వాళ్ళకి గంట పైనే పడుతుంది. మాకు పన్నెండు నిమిషాలు పట్టింది. తారు చివర 108 ఎదురు చూస్తోంది.

పాప పుట్టింది. ఫజర్‌కి ఇల్లు చేరాను.

తలుపు కొట్టడం గురించి బేగం అన్నది నిజమే అయింది, అప్పట్నుంచి ఇంకో మూడుసార్లు కొట్టారు. జిమ్మేదారీ సవాల్‌కి జవాబు ఇద్దరికీ దొరకలేదు. గెడ్డ మీద వంతెన కోసం ఊరివాళ్ళు రాసే అర్జీలు నేనే రాసిపెడుతున్నాను, ఇప్పటికి నాలుగయ్యాయి. స్టెప్నీ మాత్రం పాత హైవే టైరే. కొండ మీద ఏ రాత్రో పంచర్ అయితే ఏం చేస్తారు, ఐదోది కూడా కొనండి అని వారం నుంచి బేగం పోరు పెడుతోంది. నేను పైసలు చూసుకుంటున్నాను.